సొమ్మొకరిది, గొంతొకరిది

పేపర్లో ఒక వార్త వస్తుంది. మనుషులు లావెక్కడానికి తీపి పానీయాల కంటే నడక తగ్గడమే పెద్ద కారణమని ఒక ప్రొఫెసర్ చెబుతారు. ఆయన పేరు పక్కన ఒక సంస్థ పేరు ఉంటుంది. ఏదో నెట్‌వర్క్, ఏదో ఇన్‌స్టిట్యూట్, ఏదో పౌరవేదిక. వినడానికి పెద్దమనిషి తరహాగానే ఉంటుంది. ఆ సంస్థ ఎవరిది, దాని ఆఫీసు అద్దె ఎవరు కడుతున్నారు అన్న సంగతి మాత్రం వార్తలో ఉండదు. రాసిన విలేకరికి కనుక్కునే టైమ్ ఉండదు, చదివేవాళ్ళకు అడగాలనే తోచదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే చోటు ఒకటి ఉండాలని 2003లో అమెరికాలో ఒక ఆన్‌లైన్ డైరెక్టరీ మొదలైంది. అప్పటి పేరు డిస్‌ఇన్ఫోపీడియా, 2005 నుంచి సోర్స్‌వాచ్. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఉన్న సెంటర్ ఫర్ మీడియా అండ్ డెమోక్రసీ దాన్ని నడుపుతోంది. డబ్బు తీసుకుని ఇతరుల తరఫున ప్రచారం నడిపే పీఆర్ కంపెనీలు, చట్టసభ్యుల్నీ అధికారుల్నీ ఒప్పించే పని చేసే లాబీయిస్టులు, కార్పొరేట్ డబ్బుతో నడిచే మేధో సంస్థలు, ప్రజాసంఘాల్లా కనపడే ముసుగు సంస్థలు, ఇలా ఒక్కోదానికి ఒక్కో పేజీ. పేజీని చాలామంది కలిసి రాస్తారు, దిద్దుతారు. చెప్పిన మాటకు ఆధారం చూపాలన్నది నియమం.

సెంటర్ ఫర్ మీడియా అండ్ డెమోక్రసీని 1993లో పెట్టింది జాన్ స్టాబర్. ఆయనా, షెల్డన్ రాంప్టన్ అనే రచయితా కలిసి పీఆర్ వాచ్ పేరుతో మూడు నెలలకోసారి ఒక పత్రిక తెచ్చేవారు. పత్రికతో ఒక చిక్కుంది. ఈ సంచికలో బండారం బయటపడ్డ సంస్థ రెండేళ్ళ తర్వాత పేరు మార్చుకుని, ఇంకో విషయం మీద, ఇంకో నిపుణుడి నోటితో మాట్లాడుతుంది. అప్పటికి పాత సంచిక ఎవరి అటక మీదో ఉంటుంది. వికీపీడియా వచ్చి రెండేళ్ళయిన ఆ రోజుల్లో రాంప్టన్ అదే పద్ధతిని పట్టుకున్నారు. పేరు పేరుకీ ఒక పేజీ తెరిచి, కొత్త సంగతి తెలిసినప్పుడల్లా అక్కడే చేర్చుకుంటూ పోవడం. ఇరాక్ మీద యుద్ధం మొదలైన ఏడాది కూడా అదే. జనాన్ని యుద్ధానికి ఒప్పించే పనిలో పీఆర్ కంపెనీల చెయ్యి ఎంత అన్న చర్చ అప్పుడు వేడిగా ఉంది.

ఆ చర్చలో మాటిమాటికీ వచ్చే పాత కేసు ఒకటుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్టోబరు 10న వాషింగ్టన్‌లో, అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు నయీరా అనే పదిహేనేళ్ళ అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లలోంచి పసికందుల్ని తీసి చల్లటి నేల మీద పడేశారని, అది తాను చూశానని. అధ్యక్షుడు బుష్ ఆ మాట పదే పదే ఎత్తారు. కొందరు సెనేటర్లు తమ ఓటుకు అదే కారణంగా చూపించారు. 1991 జనవరిలో సెనేట్ 52-47 ఓట్లతో యుద్ధానికి ఒప్పుకుంది. మరో ఏడాదికి, 1992 జనవరిలో, జాన్ మెక్‌ఆర్థర్ అనే జర్నలిస్టు న్యూయార్క్ టైమ్స్‌లో అసలు సంగతి రాశారు. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. సాక్ష్యానికి ఏర్పాట్లు చూసింది హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ కంపెనీ. ఇంక్యుబేటర్ల కథకు యుద్ధం తర్వాత వెతికినవాళ్ళకు ఆధారం దొరకలేదు.

ఆ పీఆర్ కంపెనీని పెట్టుకున్నది 'సిటిజన్స్ ఫర్ ఎ ఫ్రీ కువైట్' అనే సంఘం. పేరు వింటే దేశం పోగొట్టుకున్న పౌరులు తలా కొంత చందా వేసుకున్నట్టు ఉంటుంది. లెక్క చూస్తే కువైట్ ప్రభుత్వం ఇచ్చింది 1.19 కోట్ల డాలర్లు. మిగతా 78 మంది వ్యక్తులు ఇచ్చింది అంతా కలిపి 17,861 డాలర్లు. ఈ అంకెల్ని ఎవరూ దొంగిలించుకు రాలేదు. విదేశీ ప్రయోజనాల కోసం అమెరికాలో పనిచేసేవాళ్ళు తమ వివరాలు దాఖలు చేయాలని 1938 నుంచీ అక్కడ చట్టముంది, ఆ కాగితాలు న్యాయశాఖ దగ్గర ఉన్నాయి. టీవీలో అమ్మాయి కన్నీళ్ళు ఒకచోట, న్యాయశాఖ ఫైలు ఇంకోచోట. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు సమయానికి లేరు.

సోర్స్‌వాచ్ చేసేదంతా ఈ పక్కపక్కన పెట్టే పనే. రహస్య పత్రాలు లీక్ చేసే సైట్లతో కలిపి దీని గురించి మాట్లాడుతుంటారు గానీ, దీని సరుకులో చాలా భాగం బహిరంగంగా పడి ఉన్నదే. ఎవరికీ ఓపిక లేక వదిలేసిన కాగితాలు. అందుకే ఇలాంటి డైరెక్టరీ ఎక్కడ పడితే అక్కడ మొలవదు. ముందు కాగితం పుట్టాలి. కాగితం పుట్టాలంటే వివరాలు చెప్పి తీరాలనే చట్టం ఉండాలి.

పేజీ ఎలా తయారవుతుంది

అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ఫారం 990 అనే రిటర్ను దాఖలు చేయాలి, అడిగినవాళ్ళకు దాన్ని చూపించాలి. ఆదాయమెంత, డైరెక్టర్లెవరు, పై ఉద్యోగుల జీతాలెంత, ఏ బయటి కంపెనీకి పెద్ద మొత్తాలు చెల్లించారు అన్నవి అందులో ఉంటాయి. దాతల పేర్లు మాత్రం జనానికి కనపడవు. దానికీ ఒక దొడ్డిదారి ఉంది. డబ్బిచ్చింది ప్రైవేటు ఫౌండేషన్ అయితే, ఏ సంస్థకు ఎంత ఇచ్చిందో అది తన రిటర్నులో రాయాలి. తీసుకున్నవాళ్ళు చెప్పనిది ఇచ్చినవాళ్ళ కాగితంలో దొరుకుతుంది. ఈ దారి మూసేందుకే అన్నట్టు, దాతకూ సంస్థకూ మధ్య నిలబడే డోనర్స్ ట్రస్ట్ లాంటి నిధులు వచ్చాయి. డబ్బు అందులోకి ఒక పేరుతో వెళ్ళి ఇంకో పేరుతో బయటికొస్తుంది.

రిటర్నుల తర్వాత చూసేవి లాబీయింగ్ నివేదికలు. 1995 నాటి చట్టం కింద లాబీయిస్టులు ఏ కంపెనీ తరఫున, ఏ బిల్లు మీద, ఎంత ఖర్చు పెట్టి పనిచేశారో చెప్పాలి. ఆ పైన ఆఫీసు చిరునామాలు, డైరెక్టర్ల పేర్లు, మొన్నటిదాకా నియంత్రణ సంస్థలో ఉన్న అధికారి ఇవాళ ఎక్కడ పనిచేస్తున్నారన్న సంగతి, వెబ్‌సైట్ డొమైన్ ఎవరి పేరు మీద ఉందన్న వివరం. ఇవన్నీ చిన్న చిన్న ముక్కలే. ఒక్కో ముక్క వల్ల ఏమీ తేలదు. కలిపితేనే బొమ్మ కనపడుతుంది.

మొదట్లో చెప్పిన తీపి పానీయాల వార్త ఊహించి రాసింది కాదు. గ్లోబల్ ఎనర్జీ బ్యాలెన్స్ నెట్‌వర్క్ పేరుతో కొందరు ప్రొఫెసర్లు ఒక సంఘం పెట్టి, తిండి, పానీయాల కంటే వ్యాయామం గురించే ఎక్కువ పట్టించుకోవాలని ప్రచారం మొదలుపెట్టారు. ఆ సంఘం మొదలుపెట్టడానికి కోకాకోలా 15 లక్షల డాలర్లు ఇచ్చిందని 2015 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. సంఘం వెబ్‌సైట్ రిజిస్టరై ఉన్నది అట్లాంటాలోని కోకాకోలా ప్రధాన కార్యాలయం చిరునామాతో! అదేమని అడిగితే, తమవాళ్ళకు వెబ్‌సైట్ పెట్టడం రాక కంపెనీ సాయం తీసుకున్నామని సంఘం అధ్యక్షుడు జవాబిచ్చారు. కొలరాడో విశ్వవిద్యాలయం తాను తీసుకున్న 10 లక్షల డాలర్లు వెనక్కిచ్చేసింది. ఆ ఏడాది ముగియకముందే సంఘం మూతపడింది. డొమైన్ వివరం చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. ఎవరో ఒకరు చూడాలి, అంతే.

సిగరెట్టు కంపెనీల పాత కాగితాలు

ఈ పనివాళ్ళందరికీ తరగని గని పొగాకు పరిశ్రమ. సిగరెట్టు తాగితే క్యాన్సర్ వస్తుందన్న పరిశోధనలు గట్టిపడుతున్న 1953 డిసెంబరులో అమెరికా సిగరెట్టు కంపెనీల అధినేతలు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో కలుసుకున్నారు. వాళ్ళు సలహా అడిగింది డాక్టర్లను కాదు, హిల్ అండ్ నోల్టన్ అధిపతి జాన్ హిల్‌ను. 1954 జనవరి 4న నాలుగు వందలకు పైగా పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వచ్చింది: ప్రజల ఆరోగ్యమే మాకు ముఖ్యం, నిజం తేల్చడానికి పరిశోధన సంఘం పెడుతున్నాం అని. ఆ సంఘం చేసిన పని నిజాన్ని తేల్చకుండా ఉంచడం. 1969లో ఒక సిగరెట్టు కంపెనీ లోపలి మెమోలో ఈ మాట ఉంది: "సందేహమే మా సరుకు."

ఆ మెమో ఇవాళ ఎవరైనా చదవగలగడానికి కారణం కోర్టులు. 1998 నవంబరులో 46 రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందంలో కంపెనీలు 25 ఏళ్ళలో 20,600 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. దాంతోపాటు తమ లోపలి పత్రాలు జనానికి అందుబాటులో ఉంచాలన్న షరతుకు కూడా తలొగ్గాయి. ఇప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ నడిపే భాండాగారంలో 1.4 కోట్లకు పైగా పత్రాలున్నాయి. డబ్బు కంటే ఈ షరతే ఎక్కువ పని చేసిందని చెప్పొచ్చు. ఎందుకంటే ఆ కాగితాల్లో సిగరెట్టు ఊసే లేని సంస్థల పుట్టుక కూడా ఉంది.

ఉదాహరణకు 1993లో 'మంచి సైన్సు' కోసం ఒక కూటమి పుట్టింది. దాని ఇంగ్లీషు పొట్టి పేరు TASSC. పక్కవాళ్ళు వదిలిన పొగ కూడా క్యాన్సర్ కారకమని అమెరికా పర్యావరణ సంస్థ తేల్చిన కొన్ని నెలలకే అది వచ్చింది. పెట్టించింది ఫిలిప్ మోరిస్, నడిపింది ఆప్కో అనే పీఆర్ కంపెనీ. ఒక్క పొగ గురించే మాట్లాడితే దొరికిపోతామని, పురుగుమందులు, ఆహారం, పర్యావరణం లాంటివన్నీ కలిపేశారు. అనుమానాలు ఎక్కువగా ఉండే వాషింగ్టన్, న్యూయార్క్ విలేకరుల్ని వదిలేసి చిన్న ఊళ్ళ పత్రికల దగ్గర మొదలుపెట్టాలని కూడా ప్లాన్‌లో రాసుకున్నారు. పీఆర్ పని తెలిసినవాళ్ళ లెక్క ఎంత సూక్ష్మంగా ఉంటుందో ఇలాంటి చోట తెలుస్తుంది.

రెస్టారెంట్లలో తినే తాగే స్వేచ్ఛ కోసమంటూ 1995లో రిచర్డ్ బెర్మన్ అనే లాబీయిస్టు పెట్టిన గెస్ట్ చాయిస్ నెట్‌వర్క్‌కు మొదటి పెట్టుబడి ఫిలిప్ మోరిస్ ఇచ్చిన 6 లక్షల డాలర్లని కూడా ఈ పత్రాలే చెప్పాయి. అదే తర్వాత సెంటర్ ఫర్ కన్స్యూమర్ ఫ్రీడమ్ అయింది. పేరు మారినా సోర్స్‌వాచ్ పేజీలో పాత పేరూ, పాత చెక్కూ అలాగే ఉన్నాయి. పత్రిక చేయలేని పని డైరెక్టరీ చేసేది ఇక్కడే.

ఈ కథలో తెలుగువాళ్ళు తమకు సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. సిగరెట్టులో వాడే వర్జీనియా పొగాకుకు గుంటూరు ఒకప్పుడు దేశానికే కేంద్రం. పొగాకు ఆకు వ్యాపారం చేసే ఐఎల్‌టీడీ కంపెనీ 1912లోనే అక్కడ అడుగుపెట్టింది, పొగాకు బోర్డు ఆఫీసు ఇవాళ్టికీ అక్కడే ఉంది. సిగరెట్టు పెట్టెల మీద బొమ్మల హెచ్చరిక 85 శాతం ఉండాలన్న నియమం 2015 ఏప్రిల్లో రావాల్సింది, పార్లమెంటరీ కమిటీ ఒకటి అడ్డం పడటంతో 2016 ఏప్రిల్ 1కి గానీ రాలేదు. పొగాకుకు, క్యాన్సర్‌కు సంబంధముందని మన దేశంలో జరిగిన పరిశోధన ఏదీ చెప్పలేదని కమిటీ అధ్యక్షుడే అన్నారు. బీడీ వ్యాపారమున్న ఎంపీ ఒకరు అదే కమిటీలో సభ్యులు. 1954 నాటి సందేహం అరవై ఏళ్ళ తర్వాత ఢిల్లీకి వచ్చిందన్నమాట.

అయితే ఇక్కడే డైరెక్టరీ పద్ధతికి చేతకానిది కూడా ఒకటి కనపడుతుంది. హెచ్చరికల గొడవ నడుస్తున్నంతకాలం రైతుల పేరు ముందుకొచ్చింది. ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీద అప్పు చేసిన రైతుకు వేలంలో ధర పడిపోతుందన్న భయం నకిలీది కాదు. ఆ భయం కంపెనీకి ఉపయోగపడటం వేరే సంగతి. ముసుగు సంస్థలు బాగా పనిచేసేది నిజమైన మనుషులు, నిజమైన కష్టం ఉన్నచోటే. కిరాయి జనంతో నింపిన సభను గుర్తుపట్టడం తేలిక. సొంత కష్టంతో వచ్చినవాళ్ళను ఎవరో బస్సెక్కించి తెస్తే, ఆ సభ అసలుదా నకిలీదా? 'ఎవరి డబ్బు' అన్న గడిలో కంపెనీ పేరు రాయగానే ఆ రైతు మాట చెల్లకుండా పోదు. సోర్స్‌వాచ్ పేజీల్లో ఈ తేడా చాలాసార్లు మాయమవుతుంది.

చట్టాల నమూనాలు

సెంటర్ ఫర్ మీడియా అండ్ డెమోక్రసీకి పెద్ద పేరు తెచ్చింది 2011 జులైలో చేసిన పని. అమెరికాలో 1973 నుంచీ అలెక్ అనే సంస్థ ఉంది. అందులో రాష్ట్రాల శాసనసభ్యులూ, కార్పొరేట్ ప్రతినిధులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని నమూనా బిల్లులు తయారుచేస్తారు. శాసనసభ్యులకు నామమాత్రపు రుసుము, కంపెనీలకు వేల డాలర్లు. ఆ నమూనాను సభ్యుడు తన రాష్ట్రానికి తీసుకెళ్ళి తన సొంత బిల్లులా ప్రవేశపెడతాడు. ఓటరుకు తన ఎమ్మెల్యే పేరే కనపడుతుంది. ఎవరో లోపలి మనిషి ద్వారా 800కు పైగా నమూనా బిల్లులు, తీర్మానాలు సెంటర్ ఫర్ మీడియా అండ్ డెమోక్రసీకి చేరాయి. ఇది మాత్రం అచ్చంగా లీకే. వాటిని విషయాలవారీగా విడగొట్టి, ఒక్కోదానికి వ్యాఖ్య రాసి 'అలెక్ ఎక్స్‌పోజ్డ్' పేరుతో వికీలో పెట్టారు.

వెంటనే ఆకాశమేమీ విరిగిపడలేదు. 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి ఒక కాపలా వలంటీరు కాల్చి చంపాడు. ఆత్మరక్షణ పేరుతో కాల్చినవాళ్ళకు రక్షణనిచ్చే ఫ్లోరిడా చట్టం మీద దేశమంతా చర్చ లేచింది. ఆ చట్టాన్ని అలెక్ 2005లోనే నమూనాగా తీసుకుని మిగతా రాష్ట్రాలకు అందించిందన్న సంగతి అప్పటికే వికీలో ఉంది. విలేకరులు వెతగ్గానే దొరికింది. ఏప్రిల్‌ నాటికి కోకాకోలా, పెప్సీ, క్రాఫ్ట్, మెక్‌డొనాల్డ్స్ అలెక్‌ను వదిలేశాయి. ఆ రకం చట్టాలు చూసే విభాగాన్ని అలెక్ అదే నెలలో రద్దు చేసింది. 2014లో గూగుల్ కూడా బయటికొచ్చింది. డైరెక్టరీ విలువ ఇలాగే ఉంటుంది. ఏడాది పొడవునా ఎవరూ తెరవని పేజీ, ఒక రోజు అందరికీ ఒకేసారి కావాల్సి వస్తుంది.

ఎదురుదాడి

ఇలాంటి డైరెక్టరీ పక్షపాతం లేనిదని చెబితే నవ్వుతారు. సోర్స్‌వాచ్‌ను నడిపేవాళ్ళు అమెరికా రాజకీయాల్లో వామపక్షం వైపు ఉన్నవాళ్ళు. ఎవరి పేజీలు పొడుగ్గా, ఎవరివి పొట్టిగా ఉన్నాయో చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. కంపెనీల నుంచి, ప్రభుత్వం నుంచి డబ్బు తీసుకోమని సంస్థ చెబుతుంది. కానీ దాతల పేరు దాచే నిధుల ద్వారా వాళ్ళకీ డబ్బు వచ్చిందని అవతలివాళ్ళు ఎత్తిచూపారు. ఆ విమర్శ న్యాయమైనదే. ఊరందరి లెక్కలూ అడిగేవాళ్ళ లెక్క మొదట తెరిచి ఉండాలి.

అవతలివాళ్ళు విమర్శతో ఆగలేదు. అదే ఆయుధం తయారుచేసుకున్నారు. బెర్మన్ సంస్థే యాక్టివిస్ట్‌క్యాష్ పేరుతో ఒక డైరెక్టరీ పెట్టి, పర్యావరణ, వినియోగదారుల సంఘాలకు డబ్బు ఎక్కడ్నుంచి వస్తోందో జాబితాలు రాసింది. 2017లో క్యాపిటల్ రీసెర్చ్ సెంటర్ అనే మితవాద సంస్థ ఇన్‌ఫ్లుయెన్స్‌వాచ్ తెరిచింది. పేరులోనే పోటీ కనపడుతుంది. పద్ధతి మాత్రం అదే: రిటర్నులు, బోర్డు సభ్యులు, ఇచ్చిపుచ్చుకున్న మొత్తాలు. చదివేవాళ్ళకు ఇది నష్టమేమీ కాదు. ఒకరి పేజీలో లేనిది రెండోవాళ్ళ పేజీలో దొరుకుతుంది. ఇద్దరూ చూపించే కాగితం ఒకటే అయినప్పుడు వ్యాఖ్యను పక్కన పెట్టి కాగితం చదువుకోవచ్చు.

పీఆర్ కంపెనీలకు అసలు ఆసక్తి వికీపీడియా మీద. జనం చూసేది దాన్నే కదా. 2007లో వర్జిల్ గ్రిఫిత్ అనే విద్యార్థి వికీస్కానర్ అనే పనిముట్టు తయారుచేసి, పేరు లేకుండా చేసిన మార్పులు ఏ కంపెనీ కంప్యూటర్ల నుంచి వచ్చాయో చూపించాడు. ఓటింగ్ యంత్రాలు తయారుచేసే డీబోల్డ్ కంపెనీ నెట్‌వర్క్ నుంచి ఎవరో ఆ యంత్రాల భద్రతపై విమర్శలున్న పేరాలకు పేరాలే ఎత్తేసిన సంగతి అప్పుడు బయటపడింది. 2011 డిసెంబరులో లండన్ పీఆర్ కంపెనీ బెల్ పాటింజర్ వాళ్ళు తమ కస్టమర్ల పేజీల్ని మారుపేర్లతో దిద్దుతున్నట్టు తేలింది. డబ్బు తీసుకుని రాసేవాళ్ళు ఆ సంగతి చెప్పి తీరాలని 2014లో వికీమీడియా నియమం పెట్టింది. బెల్ పాటింజర్ కథ అక్కడితో అయిపోలేదు. సహారన్‌పూర్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్ళి స్థిరపడ్డ గుప్తా సోదరుల కంపెనీ తరఫున ఆ దేశంలో జాతి చిచ్చు రేపే ప్రచారం నడిపినందుకు 2017 సెప్టెంబరులో బ్రిటన్ పీఆర్ సంఘం దాన్ని వెలివేసింది. వారం తిరిగేసరికి కంపెనీ దివాలా తీసింది.

సోర్స్‌వాచ్‌ను నిజంగా దెబ్బతీసేది ఈ శత్రువులెవరూ కాదు, వయసు. వలంటీర్లు ఉత్సాహంగా రాసిన పేజీ ఐదారేళ్ళు ఎవరూ ముట్టుకోకపోతే, అందులో చైర్మన్ అని ఉన్న మనిషి ఎప్పుడో రిటైరై ఉంటారు. మొదట్లో ఎవరైనా దిద్దగలిగేవారు. స్పామ్, విధ్వంసం పెరిగాక ఖాతా కోసం అడిగి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. దాంతో నాణ్యత నిలబడింది, చేతులు తగ్గాయి. అక్కడి పేజీని ఎవరైనా వాడుకునే ముందు చివర్లో ఆధారాల తేదీలు చూసుకోవడం మంచిది.

ఆ వికీలో పుట్టి, దాన్ని దాటి పెరిగిన పని కూడా ఒకటుంది. 2008 ప్రాంతంలో టెడ్ నేస్ అనే ఆయన కోల్‌స్వార్మ్ పేరుతో బొగ్గు విద్యుత్ కేంద్రాల జాబితా సోర్స్‌వాచ్‌లోనే మొదలుపెట్టారు. మొదట అమెరికా, తర్వాత ప్రపంచం. శ్రీకాకుళం జిల్లాలో సోంపేట బీల (చిత్తడి) నేలల్లో, కాకరాపల్లిలో వచ్చిన థర్మల్ ప్రతిపాదనల వివరాలు కూడా అందులో చేరాయి. 2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఏ కంపెనీ, ఎన్ని మెగావాట్లు, ఏ అనుమతి ఏ దశలో ఉంది అన్న వివరాలు ఎక్కడో అమెరికాలో మొదలైన వికీలో ఒకచోట దొరకడం చిత్రంగానే ఉంటుంది. ఆ జాబితా ఇప్పుడు గ్లోబల్ ఎనర్జీ మానిటర్ అనే వేరే సంస్థగా ఎదిగింది. ఎవరు ఎవరికి కొమ్ముకాస్తున్నారన్న వాదన జోలికి ఎక్కువ పోకుండా ప్లాంట్లు, మెగావాట్లు, యజమానులు అని లెక్క కట్టడమే దాని బలం. ముక్కుసూటి జాబితాకు ఆయుష్షు ఎక్కువ.

మన దగ్గర కాగితం ఎక్కడుంది

2012 డిసెంబరులో భారత పార్లమెంటు ఒక అమెరికన్ కాగితం మీద స్తంభించింది. చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడికి అనుమతిపై ఓటింగ్ అయిన కొద్ది రోజులకే, వాల్‌మార్ట్ 2008 నుంచి లాబీయింగ్ మీద సుమారు 2.5 కోట్ల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో రూ.125 కోట్లు ఖర్చు పెట్టిందని, అందులో భారత మార్కెట్లోకి ప్రవేశం కూడా ఒక అంశమని తెలిసింది. ఎక్కడ తెలిసింది? అమెరికా సెనేట్‌కు కంపెనీయే ఇచ్చిన నివేదికల్లో. అది అక్కడి చట్టసభ్యుల దగ్గర పెట్టిన ఖర్చని కంపెనీ చెప్పింది. జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో ప్రభుత్వం విచారణ వేసింది, గట్టిగా ఏదీ తేలలేదు. తేలడానికి ఇక్కడ కాగితం ఉంటే కదా. లాబీయింగ్‌ను నమోదు చేయమనే చట్టం మనకు లేదు. 2013లో ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు వచ్చింది, కదల్లేదు. లాబీయింగ్ అంటే మనకు గుర్తొచ్చేది 2010లో పత్రికలకెక్కిన కార్పొరేట్ లాబీయిస్టు నీరా రాడియా ఫోన్ టేపులు. అమెరికాలో రిటర్ను చెప్పే సంగతి ఇక్కడ ట్యాపింగ్ చెప్పాల్సి వచ్చింది.

ఉన్న కాగితం కూడా ఒక్కోసారి బయటికి రాదు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తల్లా వేసిన పత్రికల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు రెండోవారు తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి. ఆంధ్రప్రదేశ్‌లో వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ అప్పటికే ఈ చెల్లింపు వార్తల సంగతి తవ్వి ఉంది. 71 పేజీల నివేదికలో పత్రికల పేర్లున్నాయి. కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి పేర్లు లేని పొట్టి నివేదిక విడుదల చేసింది. పూర్తి నివేదిక అధికారికంగా జనం ముందుకు రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావాల్సి వచ్చింది.

ముక్కలు కలిపితే ఏమవుతుందో 2024లో దేశమంతా చూసింది. ఇచ్చినవాళ్ళ పేరు బయటపడకుండా పార్టీలకు డబ్బిచ్చే ఎన్నికల బాండ్ల పథకాన్ని ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. మార్చి 14న రెండు జాబితాలు వచ్చాయి: కొన్నవాళ్ళది ఒకటి, తీసుకున్న పార్టీలది ఒకటి. రెంటికీ లింకు లేదు. రూ.966 కోట్ల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో నిలిచింది హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్ అని మొదటి జాబితా చెప్పింది. ఏ పార్టీకి ఎంత వెళ్ళిందో చెప్పలేదు. కోర్టు మళ్ళీ గట్టిగా అడిగాక మార్చి 21న బాండ్ల నంబర్లు బయటికొచ్చాయి. విలేకరులు, వలంటీర్లు వెంటనే రెండు జాబితాల్నీ జతచేసేశారు. కావాల్సింది ఒక్క నంబరే, అది రావడానికి ఆరేళ్ళు పట్టింది.

తెలుగులో ఇలాంటి డైరెక్టరీ ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు అడ్డొచ్చేది పరువు నష్టం కేసు. అమెరికాలో ప్రజా జీవితంలో ఉన్నవాళ్ళ మీద రాసేవాళ్ళకు 1964 నాటి సుప్రీంకోర్టు తీర్పు పెద్ద అండ. మన దగ్గర పరువు నష్టం ఇవాళ్టికీ క్రిమినల్ నేరమే, 2016లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వలంటీరుగా ఒక పేరా రాసినందుకు ఎక్కడో వేరే రాష్ట్రం కోర్టుకు వాయిదాలకు తిరగడానికి ఎంతమంది సిద్ధపడతారు? అందుకే అలాంటి పేజీల్లో విశేషణాలు తగ్గించి, కాగితం నకలు పెట్టి ఊరుకోవడం క్షేమం. ఒకే అడ్రసులో రెండు సంస్థలున్నాయని రాయొచ్చు. కాబట్టి ఒకటి ఇంకోదాని కీలుబొమ్మ అని రాయడానికి అంతకంటే ఎక్కువ ఆధారం కావాలి.

కంపెనీల వరకు అయితే సరుకు బాగానే దొరుకుతుంది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో ప్రతి డైరెక్టరుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య పట్టుకుంటే ఆ మనిషి ఇంకా ఏయే కంపెనీల్లో ఉన్నారో తెలుస్తుంది, కొద్ది ఫీజు కడితే వాటి బ్యాలెన్స్ షీట్లు వస్తాయి. అభ్యర్థుల అఫిడవిట్లు, పార్టీలకు 20 వేలు దాటిన విరాళాల జాబితాలు ఎన్నికల సంఘం దగ్గర ఉన్నాయి. ట్రస్టులు, సొసైటీల దగ్గరికి వచ్చేసరికి దారి మూసుకుపోతుంది. టీవీ చర్చల్లో కూర్చునే వేదికలు, సమితులు, అధ్యయన కేంద్రాలు చాలావరకు ఈ రకమే. రెండు రాష్ట్రాల్లోనూ వర్తించే 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏటా కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. దాతల వివరాలు ఆదాయపన్ను శాఖకు వెళ్తాయి. అవి శాఖ దాటి బయటికి రావు. విదేశీ విరాళాల వివరాలు కొన్ని హోంశాఖ వెబ్‌సైట్లో కనపడేవి, 2022 జులైలో వాటినీ తీసేశారు.